నూట పదిహేడో బూత్: మంచి, చెడ్డ

అంధేరీ, ముంబై
జనవరి 9

షాహీదా భాభీకి,

సలాం. ఎట్లున్నరు? సబీహా డిగ్రీ సెకండియర్ పరీక్షలు అయిపోయినయా?

చివరికి డేట్ వచ్చింది భాభీ. మన సినిమా ఈ నెల ఇరవై నాలుగున రిలీజ్. పేరు 'ఏక్ సౌ సత్రా', అంటే నూట పదిహేడు. జాన్ భాయ్ ఆఖరి ఎలక్షన్ డ్యూటీ చేసిన బూత్ నంబరే పేరు పెట్టిన్రు. కథ హిందీ రాష్ట్రానికి మార్చిన్రు, ఊరి పేరు, మనుషుల పేర్లు అన్నీ మారినయ్. కానీ మీరు అడిగింది ఒక్కటే కదా, "ఆఖర్ల ఆయన పేరు, ఫోటో రావాలె" అని. అది వచ్చింది. తెర నిండా భాయ్ ఫోటో, కింద 'జాన్ సాహెబ్, ఉపాధ్యాయుడు, సికింద్రాబాద్'. ఎడిటింగ్ రూమ్‌ల చూసి నేను బయటికి పోయి ఏడ్చిన. ఇన్నేండ్లుగా ఈ ఊర్ల పడి ఉండి, అసిస్టెంట్ డైలాగ్ రైటర్‌గా నేను చేసిన పనికొచ్చే పని ఇదొక్కటే.

నాకొక చిన్న కోరిక. భాయ్, నేను కలిసి సికింద్రాబాద్ థియేటర్లల్ల హిందీ సినిమా చూసినప్పుడల్లా ఆయన నాకు ఉత్తరం రాసేటోడు గుర్తుందా? ఉండేది ఏ.ఎస్. రావు నగర్‌ల పక్క గల్లీలనే. అయినా నోటితో చెప్పడు, పోస్టుల వేస్తడు. మంచి నీలి పెన్నుతో, చెడ్డ ఎర్ర పెన్నుతో, పిల్లల పేపర్లు దిద్దినట్టు. ఈ సినిమాకు మీరు రాయాలె భాభీ, అట్లనే, రెండు పెన్నులతో.

సినిమా కోసం కొంచెం అటూ ఇటూ చేసిన్రు. అది తప్పదు. మీరు పెద్ద మనసుతో చూడండి.

మీ
వేణుమాధవ్


యాప్రాల్, సికింద్రాబాద్
జనవరి 16

తమ్ముడు వేణుకు,

దుఆలు. నీ చిట్టి అందింది. ఫోన్ చేస్తే అయిపోయేదానికి కాగితం ఖరాబు చేస్తవని సబీహా నవ్వింది. రెండర్రల ఇంట్ల ఫోన్ల మాట్లాడితే అది మొత్తం వింటదని దానికేం తెల్సు!

బడిల అందరికీ చెప్పిన. ఆయన పోయినంక నాకిచ్చిన రికార్డు అసిస్టెంట్ నౌకరీ ఇన్నేండ్లకు జెర గౌరవంగ కనిపించింది. అటెండర్ బుచ్చమ్మ "మేడం, మాకు సుత టికెట్లు ఇప్పియ్యి" అని ఒకటే నస. లెక్కల సార్ పురుషోత్తం గారైతే టీచర్ల సంఘం తరఫున ఆయన యాదిల ఒక సభ పెడుతా అంటున్నడు. సబీహాను మాట్లాడమని అడిగిండు.

నీకు తెల్సు కద, వాళ్లబ్బా పోయిననాడు దానికి పదమూడేండ్లు. దొంగ ఓట్లు వెయ్యనీయనని తలుపుకు అడ్డం నిలబడ్డడు, నెట్టేస్తే తలకు గడప రాయి తగిలింది, రెండు దినాలకు దవాఖానల పోయిండు. నెట్టినోడెవడో ఈనాటికీ తేలలే. మాకు ఆస్తులు లేవు, పాస్తులు లేవు. "మా అబ్బా ఎవరి దగ్గర చాయ్ సుత తాగలే" అని అది ఎక్కడ పోయినా చెప్పుకుంటది. ఆ ఒక్క మాట మీదనే పెరిగింది పోరి. దానికున్నది ఆ పేరొక్కటే వేణు.

రిలీజైన ఆదివారమే ఇద్దరం పోతం. పెన్నులు రెండు కొన్న. అయితే ఏందీ ఆ 'అటూ ఇటూ'? ఏం చేసిన్రు? నువ్వు చిన్నప్పటి నుంచి గట్లనే, సగం చెప్పి సగం మింగుతవ్.

షాహీదా


యాప్రాల్
జనవరి 27

వేణుకు,

రాయమన్నవ్, రాస్తున్న. ముందు నీలి పెన్ను.

బూత్ మంచిగ తీసిన్రు. అబద్ధం ఎందుకు ఆడాలె? బడి గది, గోడకు అక్షరాల చార్టు, కిటికీకి రెక్క లేకపోతే అట్ట పెట్టి కట్టుడు, ఓట్ల మిషన్ పెట్టిన బల్లకు ఒక కాలు పొట్టిగుంటే కింద ఇటుక ముక్క. మిషన్‌కు వేసే పచ్చ పేపర్ సీలు మీద ఆ సినిమాల మాస్టర్ సంతకం చేసేటప్పుడు చెయ్యి వణికితే ఇంకో చేత్తో పట్టుకుంటడు చూడు. ఆయన గట్లనే చేసేటోడు. ఓటేసే వంతు వచ్చిన ముసలామెకు "నీ ఓటు పొద్దుగాలనే పడిపోయింది" అని చెప్పినంక ఆమె సిరా లేని వేలు చూసుకుంటది. గా సీను ఎవరు రాసిన్రోగని వాళ్లకు సలాం. ముఖ్యమంత్రి వేషం కట్టినాయన సుత మంచిగ చేసిండు. ఉత్త దుర్మార్గుడు కాదు, కుర్చీ పోతదన్న భయం ఉన్న మనిషి. గిసోంటోళ్లను మనం చూస్తనే ఉంటం.

చిన్న చిన్న చెడ్డలున్నయ్. సెకండాఫ్‌ల అసెంబ్లీ సాగీ సాగీ విసుగొచ్చింది. ఒకరు లేస్తే ఇంకొకరు, అందరికీ ఉపన్యాసాలే. ఆ టీవీ రిపోర్టర్ పిల్లతోని పాట ఎందుకు? రాత్రంత బూత్‌ల పండుకున్న మాస్టర్ అంగీకి ముడత లేదేందీ?

ఇగ ఎర్ర పెన్ను.

ఎలక్షన్‌కు రెండు దినాల ముందు ఎవడో ఇంటికొచ్చి మాస్టర్ చేతుల మిఠాయి డబ్బా పెడుతడు. లడ్డూల కింద పైసల కవర్. మాస్టర్ చూస్తడు, చూసి ట్రంకు పెట్టెల దాస్తడు. బూత్‌ల ఆ ముసలామెను చూసినంక బుద్ధొచ్చి, ఏడ్చి, తలుపుకు అడ్డం పడుతడు. చచ్చిపోయినంక విచారణల మాస్టర్ పెండ్లాం మొగుని పేరు కాపాడాలని "డబ్బా తీసుకున్నది నేను" అని అబద్ధం చెప్తది. హాలు హాలంతా చప్పట్లు. నా పక్కన కూసున్న ఎవరో పెద్దామె కండ్లు తుడుచుకున్నది.

దాని వెనక మా ఆయన ఫోటో వేసిన్రు. పేరు వేసిన్రు. నేనే కావాలని అడిగి వేయించుకున్న పేరు.

నా మొగుడు ఎప్పుడు తీసుకున్నడు వేణు? ఏ నాడు? నీ నోట్ల మన్నువడ, నీకు తెల్వదా?

సబీహా ఇంటికొచ్చి చెప్పులిడిచి, "అమ్మీ, ట్రంకు పెట్టె మనింట్ల సుత ఉండె కద?" అన్నది. ఉండె అన్న.

షాహీదా


అంధేరీ
ఫిబ్రవరి 8

భాభీ,

మీ ఉత్తరం వచ్చి ఆరు దినాలైంది. ఎన్ని కాగితాలు చింపిన్నో లెక్కలేదు. దాచకుండా రాస్తున్న.

భాయ్ పోయిన నలభయ్యో దినం అయినంక మీరు నాకొక ఉత్తరం రాసిన్రు. మీ ఇంటికి నిజంగనే వచ్చిన మిఠాయి డబ్బా తీసుకున్నది మీరని, భాయ్ చూసి తనే తీస్కపోయి వాపస్ ఇచ్చొచ్చిండని. ఎవరికీ చెప్పలేక నాకు చెప్పుకున్నరు. డైరెక్టర్ నన్ను కథ చెప్పమన్ననాడు నేను అది సుత చెప్పిన. ఉన్నదున్నట్టే చెప్పిన భాభీ, భార్య తీసుకుంది, భర్త వాపస్ ఇచ్చిండు అని. ఆయన కాసేపు ఆలోచించి, "మొదటి నుంచి మంచోడైతే హీరో ఎక్కడ మారుతడు? డబ్బా ఆయన చేతికే ఇయ్యి" అన్నడు. వద్దన్న. రెండుసార్లు వద్దన్న. మూడోసారి కూసొని రాసిన. ముసలామె సీను, డబ్బా సీను, రెండూ నేను రాసినయే. మీరు సలాం చెప్పింది నాకే. అది చదివి నాకు తల ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే.

విచారణల ఆమె మాట సుత నాదే. డైరెక్టర్ అడగలే, నేనే పెట్టిన. నిజం ఎక్కడన్నా ఒక్క మూలన ఉండాలె, భాభీ చూస్తే గుర్తుపడుతది అనుకున్న. నిజాన్ని అబద్ధం లెక్క చూపిస్తున్ననని అప్పుడు నాకు తట్టనే లేదు. ఇన్నేండ్లు మాటలు రాసి బతికినోన్ని, గింత చిన్న సంగతి తట్టలే.

సబీహాకు చెప్పండి భాభీ. దానికి మీరు చెప్తే చాలు.

వేణు


యాప్రాల్
ఫిబ్రవరి 15

వేణుకు,

చెప్పండి అని రాసుడు సులువుగనే ఉంటది.

నీకు రాసిన ఆ ఉత్తరంల సుత నేను మొత్తం రాయలే. ఇప్పుడు విను.

ఆ పిలగాడు గేటు కాడ నిలబడి, "సార్ దగ్గర చదువుకున్న మేడం, నౌకరొచ్చింది, నోరు తీపి చేద్దామని" అన్నడు. తీసుకున్న. ఎవరన్నా తీసుకుంటరు. లోపలికి తెచ్చి ఒక లడ్డు తీస్తే కింద కవర్ కనబడ్డది. అప్పుడు బయటికి ఉరికి వాపస్ ఇయ్యాలె కద? ఇయ్యలే. మూత పెట్టి ట్రంకుల చీరెల కింద పెట్టిన.

సాయంత్రం ఆయన డ్యూటీ సామాన్లకు టార్చిలైటు వెతుక్కుంట పెట్టె తెరిచిండు. చూసి నా మొఖం చూసిండు. తిట్టలే. తిడితే బాగుండు. డబ్బా సంచిల పెట్టుకొని నడుచుకుంటనే పోయి, ఎవరిదని కనుక్కొని, వాళ్ల గడపల పెట్టి వచ్చిండు. వచ్చి పండుకున్నడు. తెల్లారి నేను జొన్నరొట్టె, పుంటికూర కట్టిస్తే టిఫిను డబ్బా బల్ల మీదనే ఇడిసిపెట్టి పోయిండు. మర్సిపోలే వేణు, కావాలనే ఇడిసిండు. అదే ఆఖరు. దవాఖానల కండ్లు తెరవలే.

సబీహా అప్పుడు బడికి పోయింది. దానికి నేను ఏం చెప్పిన్నో తెల్సా? "మీ అబ్బా నవ్వుకుంట పోయిండు, రొట్టె బాగున్నదన్నడు" అని. ఏడేండ్ల నుంచి అదే మాట.

ఇప్పుడు బడిల చూడు తమాషా. ఎవ్వరూ ఆయన్ను చెడ్డగ అనరు. పురుషోత్తం సార్ నా టేబుల్ కాడికొచ్చి, "తప్పు చేసి దిద్దుకున్నడమ్మా, అందుకే మాకు ఇంకా దగ్గరైండు" అంటడు. తిడితే కొట్లాడొచ్చు. మెచ్చుకునేటోళ్లతోని ఏమని కొట్లాడాలె?

సబీహా ఆయన ఫోటో తుడుస్తలేదు. రోజూ తుడిచేది.

సభ వచ్చే నెల ఇరవై రెండున. ఏ.ఎస్. రావు నగర్‌ల ఫంక్షన్ హాల్ తీసుకున్నరు. దానికంటే ముందే చెప్తా. నువ్వు ఒక్క పని చెయ్యి. ఆనాడు నేను నీకు రాసిన ఉత్తరం పంపు. తారీఖుతో ఉంటది, నా రాతల ఉంటది. అది చేతుల పెట్టి చెప్తే బిడ్డ నమ్ముతది. వట్టి నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు.

షాహీదా


అంధేరీ
మార్చి 2

భాభీ,

ఆ ఉత్తరం నా దగ్గర లేదు.

కథ ఎక్కడి నుంచి వచ్చిందో రుజువు కావాలని కంపెనీ అడిగితే నోట్స్‌తో పాటు ఇచ్చిన. జిరాక్స్ సుత తీసుకోలే. పది దినాల నుంచి ఆఫీసు చుట్టూ తిరుగుతున్న. అక్కడి మేనేజర్ ఓంప్రకాశ్ మంచోడే, చాయ్ ఇప్పించిండు. ఫైలు వకీలు దగ్గరుంది, బయటికి రాదు అన్నడు. సినిమా మీద బయట ఒక్క మాట మాట్లాడనని నేను చేసిన సంతకం సుత చూపించిండు. అది నా సంతకమే. చదవకుండా చేసిన.

పేపర్‌కు రాద్దామంటే మీ డబ్బా సంగతి ఊరందరికీ చెప్పాలె. అది నేను రెండోసారి చెయ్యలేను. నాకు ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు భాభీ. మీరు చెప్పండి, నేను వెనకనే సబీహాకు రాస్తా.

వేణు


యాప్రాల్
మార్చి 9

వేణుకు,

చెప్పిన.

శుక్రవారం మధ్యాహ్నం, నమాజ్ అయినంక కూసోబెట్టిన. చేతులు దాని ఒళ్లె పెట్టి చెప్పిన. "బేటా, డబ్బా మీ అబ్బా తీసుకోలే. తీసుకున్నది నేను. దాసింది నేను. ఆయన వాపస్ ఇచ్చొచ్చిండు." టిఫిను డబ్బా సంగతి సుత చెప్పిన. ఏడేండ్ల తర్వాత నోరిప్పితే మాటలు వాటంతటవే వచ్చినయ్.

అది మొత్తం విన్నది. విని నన్ను గట్టిగ పట్టుకున్నది. నాకు పానం లేచొచ్చింది, మాఫ్ చేసింది అనుకున్న.

నా చెవుల ఏమన్నదో తెల్సా?

"అమ్మీ, ఆ సినిమాల ఆమె సుత గిట్లనే చెప్పింది కద. నువ్వు గంత చెయ్యాల్సిన పని లేదు. నేను చిన్నపిల్లను కాను."

"అయ్యో, సినిమా కాదే, నిజమే" అంటే, "ఆమె సుత నిజమే అన్నది" అంటది. ఒట్టు పెట్టిన. ఖురాన్ మీద చెప్తా అన్న. "వద్దమ్మీ, అబ్బా కోసం నువ్వు అబద్ధపు ఒట్టు పెట్టి గునా చెయ్యకు" అని నా నోరు మూసింది. నేను ఎంత ఏడిస్తే దానికి అంత నమ్మకమైతుంది, మొగుని కోసం ఏడుస్తున్నదని. మరి నవ్వుకుంట చెప్పాల్నా?

ఆ మాట ఆమె నోట్ల పెట్టింది నువ్వు. నాకు మాట లేకుండ చేసినవ్. ఇప్పుడు నువ్వే రాయి దానికి. నేను రాయమన్నట్టు తెల్వొద్దు, వేణు చాచా తనంతట తనే రాసిండు అన్నట్టు రాయి. సభ పదమూడు దినాలున్నది. కాళ్లు మొక్కుత.

షాహీదా


యాప్రాల్
మార్చి 18

వేణు చాచాకు,

సలామ్. మీ లెటర్ వచ్చింది. చాలా బాగా రాసిన్రు. డైరెక్టర్‌తో మీకైన గొడవ, మీరు మూడోసారి ఒప్పుకున్న దగ్గర నిజంగా ఏడుపొచ్చింది. కానీ చాచా, ఏమనుకోకండి. అమ్మీ రాయమంటేనే రాసిన్రు కదా? మీ లెటర్ రాకముందే తను పోస్టాఫీసుకు పోయి మీకు పెద్ద కవర్ వేసింది, నాకు తెల్సు. మీరు రైటర్, ఎవరు అడిగినా నమ్మేటట్టు రాయగలరు. లేని ముసలామెను రాస్తేనే థియేటర్ అంత ఏడ్చింది.

అమ్మీ రాసిన పాత ఉత్తరం అన్నరు. ఉంటే పంపండి, చదువుతా. లేదని మీరే రాసిన్రు.

నేను పరేషాన్ అయితలేను. మొదటి వారం చాలా తక్లీఫ్ అయింది, ఒప్పుకుంటున్న. అబ్బా చాయ్ కూడా తాగలేదని కాలేజీల ఎంతమందికి చెప్పిన్నో గుర్తొచ్చి సిగ్గేసింది. ఇప్పుడు లేదు. మనిషన్నంక ఒక్కసారి చెయ్యి జారుతది. నేను అబ్బాను మాఫ్ చేసిన. సభల అదే మాట్లాడుతా. మీరు దయచేసి అమ్మీకి ఇట్లాంటివి నేర్పకండి. చెప్పినప్పుడల్లా బీపీ పెరుగుతుంది.

సబీహా


యాప్రాల్
మార్చి 24

వేణుకు,

సభ అయింది. జనం బాగనే వచ్చిన్రు. బుచ్చమ్మ మొదటి వరుసల కూసున్నది. స్టేజీ మీద ఆయన ఫోటో, దానికి పూలదండ. ఆ ఫోటో సబీహానే తుడిచి పట్టుకపోయింది. దండ సుత అదే వేసింది.

ముందు సినిమాల రెండు సీన్లు చూపెట్టిన్రు. డబ్బా సీను, విచారణ సీను. ఇంకేం చూపెడుతరు, ఆ సినిమాల మంచివి అవే కద. ఎర్ర పెన్నుతోని ఎంత కొట్టేసినా అవే మంచివి.

సబీహా మాట్లాడింది. కాగితం చూడలే, వణకలే. "మా అబ్బా దేవదూత కాదు. ఆయన ఒక్క రాత్రి తప్పు చేసిండు, ఒక్క పగల్ల దిద్దుకున్నడు. బిడ్డగా నేను ఆయన్ను మాఫ్ చేసిన. మా అమ్మీ ఇప్పటికీ ఆ తప్పు తన మీద వేసుకోవాలని చూస్తది, అదీ ప్రేమ అంటే" అన్నది. అని నా దిక్కు చెయ్యి చూపిచ్చింది. అందరూ తిరిగి నన్ను చూసిన్రు.

నేను లేవాలనుకున్న వేణు. అల్లా సాక్షి, లేవాలనే అనుకున్న. లేచి "ఆయన తీసుకోలే, నేను తీసుకున్న" అని మైకుల చెప్పాలనుకున్న. చెప్తే ఏమైతుండెనో నాకు అప్పుడే కనబడ్డది. హాలు మొత్తం లేచి నిలబడుతుండె. ఇంకా ఎక్కువ చప్పట్లు కొడుతుండ్రి.

చెయ్యని తప్పుకు ఆయనకు బిడ్డ మాఫీ ఇచ్చింది. చేసినదాన్ని నాకు ఎవరిస్తరు? అడిగినా ఇయ్యరు. అడిగితే దండ వేస్తరు.

సబీహా దిగొచ్చి నా పక్కన కూసొని చెయ్యి పట్టుకున్నది. "బాగ చెప్పిన్నా అమ్మీ?" అన్నది. దాని మొఖం ఎంత తేటగుండెనో, రెండు నెలల తర్వాత మొదటిసారి. బాగ చెప్పినవ్ బేటా అన్న.

అంతల అందరూ చప్పట్లు కొడుతున్నరు. పురుషోత్తం సార్ నా దిక్కే చూస్తున్నడు. నేను సుత కొట్టిన.

షాహీదా